వెలుతురు దిగినంత లోతే: కాంతితో చేసే క్యాన్సర్ చికిత్సలో నానో పదార్థాలు

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు చూసుకునేవాళ్లకు ఒక పరీక్ష బాగా తెలుసు. నలుపు, తెలుపు రంగులు వేసిన గుండ్రటి బిళ్లకు తాడు కట్టి నీళ్లలోకి దించుతారు. బిళ్ల కంటికి కనబడకుండా పోయిన చోట తాడు పట్టుకుని లోతు కొలుస్తారు. దాన్నే సెక్కీ డిస్క్ అంటారు. 30, 40 సెంటీమీటర్ల దగ్గర మాయమైతే నీటి రంగు బాగున్నట్టు. 20 దాటకుండానే మాయమైతే పాచి ఎక్కువైనట్టు. అప్పుడు వెలుతురు కిందికి దిగదు. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

వెలుతురు ఎంత లోతు దిగింది, అక్కడ ఆక్సిజన్ ఎంత ఉంది అన్న ఈ రెండు ప్రశ్నలే కాంతితో చేసే క్యాన్సర్ చికిత్సకూ ప్రాణం. మందును శరీరంలోకి పంపి, కణితి మీద ఎంచుకున్న రంగు కాంతిని వేసి, అక్కడికక్కడే క్యాన్సర్ కణాలను చంపడం ఈ చికిత్స పద్ధతి. ఆ మందును మోసుకెళ్లడానికో, తానే మందుగా పనిచేయడానికో తయారుచేసిన అతి సూక్ష్మ కణాలే నానో పదార్థాలు. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఈ కణాలు సాధారణంగా కొన్ని నానోమీటర్ల నుంచి రెండు వందల దాకా ఉంటాయి.

ఈ రంగంలో ప్రయోగశాల ఫలితం వచ్చిన ప్రతిసారీ వార్తల్లో ‘క్యాన్సర్‌కు కొత్త మందు’ అని రాస్తారు. ఏలూరు ఆసుపత్రి వరండాలో ఆ వార్త చదివే కుటుంబానికి అది వార్త మాత్రమే కాదు, ఆశ. అందుకే ఆధారాలు ఎంతవరకు వచ్చాయో, ఎక్కడ ఆగాయో విడమరచి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాత ఆలోచనే, కొత్త రూపం

మందు వేసి ఎండలో కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. బొల్లి మచ్చలకు బావంచాలు వాడి ఎండ తగలనివ్వడం ఆయుర్వేదంలో ఉన్నదే. ఆ గింజల్లోని సోరాలెన్ అనే పదార్థం అతినీలలోహిత కాంతి తగిలితే చురుకవుతుంది. ఆధునిక వైద్యం దాన్నే కొలతకు తెచ్చి చర్మవ్యాధులకు, చర్మంలో పుట్టే ఒక రకం లింఫోమాకు వాడుతోంది.

1900లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ రంగు కలిపిన నీళ్లలో పారమీసియం అనే ఏకకణ జీవులను పరిశీలించాడు. రంగు ఒక్కటే ఉన్నప్పుడు బతికిన జీవులు వెలుతురు కూడా పడినప్పుడు చచ్చిపోయాయి. ఆయన గురువు హెర్మన్ వాన్ టాపైనర్ 1903లో సహచరుడు యెసియోనెక్‌తో కలిసి ఇయోసిన్ రంగునూ కాంతినీ చర్మ కణితుల మీద ప్రయత్నించారు. ఈ పని ఆక్సిజన్ లేకుండా జరగదని కూడా టాపైనర్ బృందమే గుర్తించింది.

జరిగేది ఇదీ. కాంతిని పీల్చుకున్న రంగు అణువు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఆక్సిజన్ ‘సింగ్లెట్’ అనే చురుకైన రూపానికి మారి, దగ్గరలో ఏది తగిలితే దాన్ని దెబ్బతీస్తుంది. దాని ఆయుష్షు మైక్రోసెకండ్లలోనే, అందుకే అది పుట్టిన చోటు దాటి ఎంతో దూరం పోలేదు. చికిత్సకు ఉన్న బలమంతా ఇక్కడే ఉంది: కాంతి పడిన చోటే దెబ్బ.

అమెరికాలోని బఫెలోలో థామస్ డోహర్టీ బృందం 1978లో 25 మంది రోగుల్లో 113 కణితుల మీద ఫలితాలు ప్రచురించింది. ఆ పరంపరలో వచ్చిన ఫోటోఫ్రిన్ అనే మందుకు 1993లో కెనడాలో మూత్రాశయ క్యాన్సర్‌కు, 1995లో అమెరికాలో అన్నవాహిక క్యాన్సర్‌కు అనుమతి దొరికింది. అంటే కాంతి చికిత్స ఊహ కాదు, మూడు దశాబ్దాలుగా ఆసుపత్రుల్లో ఉన్న వైద్యమే. అయితే ఫోటోఫ్రిన్ తీసుకున్నవాళ్లు కనీసం 30 రోజులు చర్మాన్నీ కళ్లనూ ఎండ నుంచి కాపాడుకోవాలి. వరి ఊడ్పులకో చెరువు పట్టుబడికో పోయే కూలీకి నెల రోజులు ఎండలోకి రావద్దంటే నెల కూలి పోయినట్టే. దుష్ఫలితాన్ని ఇలా బతుకుతో కలిపి చూడకపోతే చికిత్స విలువ కట్టలేం.

నానో కణం ఏం కలుపుతుంది

నానో పదార్థాల నుంచి పరిశోధకులు మూడు పనులు ఆశిస్తున్నారు. నీళ్లలో కరగని రంగు మందును రక్తంలో మోయడం మొదటిది. మామూలు ఎర్ర కాంతి కంటే లోతుకు దిగే సమీప పరారుణ కాంతిని పట్టుకోవడం రెండోది. ఆ కాంతిని వేడిగా మార్చి కణితిని కాల్చడం మూడోది. దీన్ని ఫోటోథర్మల్ చికిత్స అంటారు, దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు.

ఈ పనులకు బంగారం బాగా నప్పింది. బంగారు నానో కణాలు కలిపిన నీళ్లు పసుపుగా కాక కెంపు రంగులో కనబడతాయి. కణాన్ని పుల్లలా సాగదీస్తే, లేదా సిలికా గోళీ మీద పూతలా వేస్తే, అది పీల్చుకునే రంగు సమీప పరారుణం వైపు జరుగుతుంది. ‘ఇంజనీరింగ్ చేసిన’ పదార్థం అనడంలో అర్థం ఇదే: ఆకారం మార్చి గుణం మార్చడం. స్వర్ణభస్మంలోనూ నానో పరిమాణంలో బంగారం ఉందని పరిశోధనలు చూపాయి. కానీ ఆ కణాలను ఏ కాంతికీ అనువుగా మలచలేదు. రెండూ ఒకటే అనుకుని భస్మం మింగితే అది చికిత్స కాదు.

ఈ పరిశోధనలో తెలుగు ఇంటిపేర్లు కూడా కనిపిస్తాయి. తైవాన్‌లోని నేషనల్ త్సింగ్ హువా విశ్వవిద్యాలయంలో కుయో చు హ్వాంగ్ బృందంలో పనిచేసిన వంకాయల రవిరాజ్, కల్లూరు పోలిరాజు పేర్లు అలాంటివి. కాంతి పడితే లోహపు నానో కణాలే, వేరే రంగు మందు లేకుండా, సింగ్లెట్ ఆక్సిజన్‌ను పుట్టిస్తాయని ఆ బృందం 2011లో చూపింది. 2014లో బంగారు పుల్లల మీద 915 నానోమీటర్ల కాంతి వేసి, ఎలుకల్లో మెలనోమా కణితులను ఈ పద్ధతిలోనే అణచవచ్చని ప్రచురించింది. అంతకుముందు ఈ చికిత్సలో బంగారాన్ని ఎక్కువగా వేడి పుట్టించేదిగానే చూసేవారు.

హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు అరవింద్ కుమార్ రెంగన్ పని మరో దారిలో నడిచింది. ముంబై ఐఐటీతో, అక్కడి క్యాన్సర్ పరిశోధన కేంద్రంతో కలిసి ఆయన 2015లో ప్రచురించిన పరిశోధనలో బంగారాన్ని కొవ్వు బుడగ మీద, అంటే లైపోజోమ్ మీద, పూతగా వేశారు. సమీప పరారుణ కాంతికి అది వేడెక్కుతుంది. పని అయ్యాక చిన్న ముక్కలుగా విడిపోయి కాలేయం, మూత్రపిండాల దారిన బయటికి పోతుందని ఎలుకల్లో చూపారు. మందు ఎలా చంపుతుందన్నదే కాక, ఎలా వెళ్లిపోతుందని కూడా అడిగిన పరిశోధన ఇది. నా దృష్టిలో దాని అసలు విలువ ఆ రెండో ప్రశ్నలో ఉంది.

ఎలుక నుంచి మనిషికి

ఇక్కడి నుంచి అడుగు ఆచితూచి వేయాలి.

25 గ్రాముల ఎలుకకు చర్మం కింద అర గ్రాము కణితి పెంచారనుకుందాం. అది దాని బరువులో 2 శాతం. 60 కిలోల మనిషిలో అదే నిష్పత్తి 1.2 కిలోలు. పైగా ఎలుకలో ఆ కణితి చర్మానికి ఆనుకునే ఉంటుంది, దీపం పెడితే చాలు కాంతి చేరుతుంది. మనిషి క్లోమంలోనో కాలేయంలోనో ఉన్న కణితికి ఆ సౌకర్యం లేదు. ఎర్ర కాంతి కణజాలంలో కొన్ని మిల్లీమీటర్లే పనికొచ్చేంత బలంతో దిగుతుంది. సమీప పరారుణం అంతకంటే నయమే, అయినా సెంటీమీటరు లెక్కలోనే ఉంటుంది. కాంతి బలం పెంచుదామంటే చర్మం ఒప్పుకోదు. 808 నానోమీటర్ల లేజర్‌కు చర్మం మీద అనుమతించే పరిమితి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.33 వాట్లు. ఎలుకల ప్రయోగాలు చాలావాటిలో 1 నుంచి 2 వాట్లు వాడుతున్నారు.

రెండో అడ్డంకి చేరిక. కణితి రక్తనాళాలకు చిల్లులు ఎక్కువ కాబట్టి పెద్ద అణువులు అక్కడ కారి నిలిచిపోతాయని 1986లో జపాన్‌లో మత్సుమురా, మయెదా చెప్పారు. నానో వైద్యమంతా చాలా ఏళ్లు ఈ నమ్మకం మీదే నడిచింది. 2016లో టొరంటోలోని వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్ల పరిశోధనలను కూర్చి లెక్క తీసింది. ఇచ్చిన మోతాదులో కణితిని చేరిన భాగం మధ్యగత విలువ 0.7 శాతం. వెయ్యి కణాలు పంపితే ఏడు చేరినట్టు. మిగతావి ఎక్కువగా కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

మూడోది ఆక్సిజన్. వేగంగా పెరిగిన కణితి నడిమధ్యకు రక్తం సరిగా అందదు. పాచి పట్టిన చెరువు అడుగులా అక్కడ ఊపిరి ఆడదు. ఆక్సిజన్‌ను ఆయుధంగా మార్చే చికిత్సకు ఆక్సిజనే లేని చోట బలం తగ్గుతుంది. చికిత్స జరుగుతుండగానే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది కూడా.

నాలుగోది నిష్క్రమణ. మూత్రపిండాల వడపోత దాటాలంటే గట్టి కణం దాదాపు 6 నానోమీటర్ల లోపు ఉండాలి. అంతకంటే పెద్దవై, విడిపోకుండా ఉండే లోహపు కణాలు కాలేయంలో నెలల తరబడి ఉండిపోవచ్చు. ప్రాణాంతకమైన జబ్బులో ఉన్న రోగికి ఆ ప్రమాదం భరించదగినదే కావచ్చు. కానీ అది తెలిసి తీసుకునే నిర్ణయం కావాలి.

మనుషుల్లో ఇప్పటిదాకా తేలినది

బంగారు కణాలతో మనుషుల్లో జరిగిన ప్రయత్నాల్లో అందరూ చెప్పుకునేది అమెరికాలోని ప్రోస్టేట్ అధ్యయనం. రైస్ విశ్వవిద్యాలయంలో నయోమీ హాలాస్, జెన్నిఫర్ వెస్ట్ రూపొందించిన, సిలికా గోళీకి బంగారు పూత వేసిన కణాలు సుమారు 150 నానోమీటర్లవి. వాటిని రక్తనాళంలోకి ఎక్కించి, కణితిలోకే సన్నటి ఫైబర్లు దించి లేజర్ కాంతి ఇచ్చారు. కాంతిని చర్మం పైనుంచి వేయకుండా కణితి దగ్గరికే తీసుకుపోయారన్నమాట. 58 నుంచి 79 ఏళ్ల వయసున్న 16 మందిలో 15 మందికి చికిత్స పూర్తిచేయగలిగామని 2019లో ప్రచురించారు. మంచి ఆరంభమే. కానీ వాళ్లంతా తక్కువ లేదా మధ్యస్థ తీవ్రత ఉన్న, గ్రంథి దాటని జబ్బు ఉన్నవాళ్లు. పోల్చిచూడటానికి రెండో గుంపు లేదు. ఆయుష్షు పెరిగిందా లేదా అన్నది ఆ అధ్యయనం కొలవగలిగేది కాదు. 2003లో ఎలుకల ఫలితం వచ్చిన పదహారేళ్లకు ఈ 16 మంది ఫలితం వచ్చిందన్నది మరిచిపోకూడదు.

పెద్ద ప్రయోగం కావాలంటే పాడెలిపోర్ఫిన్ వైపు చూడాలి. అది నానో కణం కాదు, కాంతితో పనిచేసే అణువు. మన ఆక్వా రైతులు చెరువుల్లో పోసే ఎర్రటి పీఎస్‌బీ ద్రవంలో ఉండే కిరణజన్య బ్యాక్టీరియా వర్ణకం లాంటి వర్ణకం నుంచే అది పుట్టింది. యూరప్‌లో 413 మంది ప్రోస్టేట్ రోగులతో చేసిన ప్రయోగంలో రెండేళ్లలో జబ్బు ముదిరినవాళ్లు చికిత్స గుంపులో 28 శాతం, పరిశీలనలో ఉంచిన గుంపులో 58 శాతం. 2017లో యూరప్ అనుమతి ఇచ్చింది. 2020లో అమెరికా సలహా సంఘం అవే ఆధారాలు చూసి సిఫార్సు చేయలేదు. తక్కువ తీవ్రత జబ్బు ముదరడాన్ని ఆపితే రోగికి నిజంగా మేలు జరిగినట్టేనా అన్న చోట వాదన తెగలేదు. అంకెలు బాగున్నా అవి దేన్ని కొలిచాయో అడగాలని ఈ కథ నేర్పుతుంది.

అనుమతులు పొందినవాటిని వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. 2000లో కంటి జబ్బుకు వచ్చిన వర్టిపోర్ఫిన్ లైపోజోముల్లో ఉంటుంది. చర్మంలో క్యాన్సర్‌కు ముందు దశ మచ్చలకు యూరప్‌లో 2011లో, అమెరికాలో 2016లో అనుమతించిన ఒక జెల్‌లో మందు నానో ఎమల్షన్‌గా ఉంటుంది. రెండూ మెత్తటి, శరీరంలో కరిగిపోయే వాహకాలు. రెండూ కాంతి తేలిగ్గా చేరే చోట పనిచేసేవి. పరిశోధన పత్రాల్లో మాత్రం ఎక్కువగా కనిపించేవి గట్టి లోహాలు, ఎలుక కణితులు. ఈ అంతరాన్ని దాచకుండా చెప్పడమే ఈ రంగానికి చేసే మేలు.

మన నేలకు దగ్గరైన చోటు: నోరు

కాంతి తేలిగ్గా చేరే చోటు, మన దగ్గర క్యాన్సర్ ఎక్కువగా వచ్చే చోటు రెండూ ఒకటే అయితే, మొదట దృష్టి పెట్టాల్సింది అక్కడే. అది నోరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల్లో భారతదేశంలో ఏడాదికి కొత్త క్యాన్సర్లు సుమారు 14 లక్షలు, వాటిలో పెదవి, నోటి క్యాన్సర్లు సుమారు 1.44 లక్షలు.

ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, పొగాకు పండించే నేల. చుట్ట, ఖైనీ, గుట్కా డెల్టా పల్లెల్లోనూ ఉన్నాయి. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ గురించి పిండ్‌బోర్గ్ బృందం 1971లో ఆంధ్రప్రదేశ్‌లోని 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించి రాసింది. ఆ అలవాటు ఉత్తరాంధ్రలో ఎక్కువ. అంగిలి మచ్చ, చెంప లోపలి పుండు, నాలుక అంచు గడ్డ నోరు తెరిస్తే కాంతి పడే చోట్లే.

అలీగఢ్‌లో అమెరికా పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం ఈ దృష్టితో మనకు ముఖ్యం. బ్యాటరీతో నడిచే చౌక ఎల్‌ఈడీ దీపం, తాగడానికి ఇచ్చే ఏఎల్‌ఏ అనే మందు, మందు ఎక్కడ చేరిందో చూడటానికి స్మార్ట్‌ఫోన్. లోతు 5 మిల్లీమీటర్లకు మించని తొలిదశ నోటి క్యాన్సర్ ఉన్న 29 మందిలో 30 పుండ్లకు చికిత్స చేస్తే 22 పూర్తిగా తగ్గాయి. ఇదీ చిన్న అధ్యయనమే, శస్త్రచికిత్సతో పోల్చింది కాదు. మిగిలిన 8 పుండ్లను మరవకూడదు. జపాన్‌లో 2020లో తల, మెడ క్యాన్సర్‌కు షరతులతో అనుమతి పొందిన కాంతి మందు కూడా ఈ దిశనే చూపుతోంది. అది యాంటీబాడీకి రంగు అణువును తగిలించినది.

ఈ చట్రంలో మన ప్రాంతం చేయగలిగిన పని ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్‌ఐటీ ఆంధ్రప్రదేశ్‌లో బయోటెక్నాలజీ, లోహ పదార్థాల విభాగాలు ఉన్నాయి. ఏలూరు పక్కన దుగ్గిరాలలో, భీమవరంలో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. 2023 నుంచి ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. నోటి పుండుకు పూసే, పని అయ్యాక కరిగిపోయే వాహకం, చౌక దీపం అన్న చిన్న లక్ష్యం పెట్టుకుంటే ఈ సంస్థల మధ్య దూరం బస్సు ప్రయాణమే. శరీరం నుంచి బయటికి వచ్చే పదార్థం చివరికి ఏ నీళ్లలో కలుస్తుందో కూడా ఇక్కడి పరిశోధకులే ముందుగా అడగాలి. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన కొల్లేరుకు తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చేదంతా చేరుతుంది.

రోగి అడగాల్సినవి

నానో కాంతి చికిత్స అంటూ ఎవరైనా ముందుకు వస్తే కుటుంబం అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఇది మనుషుల్లో ఎంతమందిపై పరీక్షించారు? దేనితో పోల్చారు? నా జబ్బు ఉన్న చోటికి కాంతి ఎలా చేరుతుంది? ఆ తర్వాత కణాలు ఎటు పోతాయి? ప్రయోగమే అయితే అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. 2009 నుంచి అది తప్పనిసరి, ఎవరైనా చూడవచ్చు. 2019లో కొత్త ప్రయోగ నిబంధనలు, నానో మందులను మదింపు చేసే మార్గదర్శకాలు రెండూ వచ్చాయి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం రోగి హక్కు. అంగీకార పత్రం మనకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. 2009లో ఖమ్మం జిల్లా గిరిజన బాలికలపై చేసిన టీకా అధ్యయనంలో అంగీకార పత్రాల మీద సంతకాలు ఎవరు పెట్టారన్న ప్రశ్న పార్లమెంటు సంఘం దాకా వెళ్లింది. ఆ పాఠం మరవడానికి వీల్లేదు.

అన్నిటికంటే ముఖ్యం: రుజువైన శస్త్రచికిత్స, రేడియేషన్, మందులు అందుబాటులో ఉండగా, రాబోయే చికిత్స కోసం ఒక్క వారం కూడా వాయిదా వేయకూడదు.

ఫలితాన్ని ఉన్నంతే చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్ మీద పత్రం ప్రచురించారు. 16 మందిలో 10 మందికి మెరుగు కనిపించింది. అంతటి ఫలితం చేతిలో ఉండి కూడా పత్రం పేరులోనే ‘తాత్కాలిక’ అన్న మాట పెట్టారు. ఆ నిజాయితీ మందును చిన్నది చేయలేదు. తర్వాతి దశాబ్దాల కీమోథెరపీకి దాని మీదే పునాది పడింది.

ఈరోజు మన ఊళ్లలో క్యాన్సర్ మీద అన్నిటికంటే గట్టి ఆధారమున్న వెలుతురు లేజర్ కాదు, టార్చిలైటు. తిరువనంతపురంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు నోళ్లు తెరిపించి కంటితో పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. అలవాటు లేనివాళ్లలో ఆ మేలు రుజువు కాలేదు. చెరువులో బిళ్ల ఎక్కడ మాయమైందో రోజూ చూసుకునే మనిషి, రెండు వారాలైనా మానని నోటి పుండును కూడా వెలుతురులో ఎవరికైనా చూపించుకుంటే, రేపు ఏ నానో కణం వచ్చినా దానికి పని చేయడానికి సమయం మిగులుతుంది.